‘లెక్కలు నా వల్ల కావు’ అంటోంది... వదిలేయాలా, పట్టుబట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి. నాలుగో తరగతి దాకా లెక్కల్లో ముందుండేది. ఏడాదిగా ఆ పుస్తకం తీయమంటేనే మొహం ముడుచుకుంటోంది. ‘నాకు లెక్కల బుర్ర లేదు’ అంటోంది. కథలు బాగా రాస్తుంది, భాషల్లో మంచి మార్కులొస్తాయి. జంతువుల గురించి ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కానీ సైన్స్ మార్కులు మాత్రం అంతంతే. చిన్నప్పుడు నేనూ లెక్కల్లో వీకే. నా పోలికే వచ్చిందేమో! ఇష్టం లేనిదాన్ని రుద్దాలా? వదిలేస్తే రేపు దారులు మూసుకుపోతాయా? – ఒక తల్లి

జవాబు: రుద్దొద్దు, వదిలేయొద్దు కూడా. ముందు ఆమె ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టండి. నాలుగో తరగతి దాకా చురుగ్గా చేసిన పిల్లకి ఏడాది తిరిగేసరికి బుర్ర తగ్గిపోదు. ఈ వయసులో ‘ఇష్టం లేదు’ అనే మాటకి చాలాసార్లు అసలు అర్థం ‘ఒకచోట తెగిపోయింది, అక్కడి నుంచి ఏదీ అందడం లేదు’ అని. ఆ తెగిన చోటు ఎక్కువమందికి భిన్నాలే.

ఎందుకంటే అప్పటిదాకా అంకెలన్నీ ఒకే తీరుగా నడుస్తాయి. గుణిస్తే పెరుగుతాయి, భాగిస్తే తగ్గుతాయి, ఎక్కువ అంకెలుంటే పెద్ద సంఖ్య. భిన్నాలూ దశాంశాలూ వచ్చాక ఈ మూడూ తలకిందులవుతాయి. సగాన్ని సగంతో గుణిస్తే పావే వస్తుంది. ఆరుని సగంతో భాగిస్తే పన్నెండవుతుంది. ఈ మార్పు ఎందుకొచ్చిందో అర్థం కాని పిల్లలు సూత్రం బట్టీపట్టి కొన్నాళ్లు నెట్టుకొస్తారు. ఆ తర్వాత నిష్పత్తులు, శాతాలు, బీజగణితం ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పదేళ్ల వయసులో భిన్నాలూ భాగహారం ఎంత బాగా వచ్చో చూస్తే హైస్కూల్లో బీజగణితం ఎలా ఉంటుందో చాలావరకు అంచనా వేయొచ్చని తేలింది. ఇంటి ఆదాయాన్నీ, తెలివితేటల పరీక్షల స్కోర్లనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

అందుకే ఒక అరగంట కూర్చుని ఈ ఐదు ప్రశ్నలు అడగండి. గడియారం పెట్టొద్దు, మార్కులు వేయొద్దు. ‘ఏమనుకుంటున్నావో పైకి చెబుతూ చెయ్యి’ అని మాత్రం అనండి.

1/6, 1/8లో ఏది పెద్దది? 1/8 అంటే, హారాన్ని (గీత కింది అంకెని) ఇంకా మామూలు సంఖ్యలాగే చూస్తోందన్నమాట. తర్వాత 0.45, 0.5లో ఏది పెద్దది? ఐదు కంటే నలభై ఐదు పెద్దది కాబట్టి 0.45 అని చాలామంది అంటారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పొట్టిగా ఉన్న దశాంశమే ఎప్పుడూ పెద్దదనుకునే పిల్లలు 0.5 అని సరైన జవాబే చెబుతారు, కారణం మాత్రం తప్పు. అందుకే వెంటనే 0.65, 0.3 అడగండి. 0.3 అంటే అసలు సంగతి బయటపడినట్టే.

మూడోది 1/2 + 1/3. పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/5 అని రాస్తే ‘తప్పు’ అనకండి. ‘2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?’ అని అడిగి ఊరుకోండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని ఆమెకే అనుమానం రావాలి. నాలుగోది 8 + 4 = □ + 5. ఖాళీలో 12 రాసిందంటే, సమానం గుర్తంటే ‘ఇక్కడ జవాబు రాయాలి’ అని అనుకుంటోందని అర్థం. రావాల్సింది 7. సమానానికి రెండువైపులా విలువ ఒక్కటేనని ఇప్పుడు పట్టుబడకపోతే సమీకరణాలు మంత్రాల్లా కనిపిస్తాయి. చివరిది 6 ÷ 1/2. మూడు అంటే, ‘ఆరులో సగాలు ఎన్ని ఉంటాయి?’ అని మార్చి అడగండి. అప్పుడు చెప్పగలిగితే ఆలోచన బాగానే ఉంది, గుర్తుల భాషే అందలేదు.

ఐదూ సరిగ్గా, కారణాలతో సహా చెప్పేస్తే చిక్కు వేరేచోట ఉంది. బోర్డు కనిపిస్తోందా, కళ్లు పరీక్ష చేయించారా, టీచర్ మారారా, తప్పు చెప్పినప్పుడు క్లాసులో ఎవరైనా నవ్వారా... ఇవన్నీ ఆరా తీయాలి. చిన్నప్పటి నుంచీ అంకెలు లెక్కపెట్టడం, గడియారం చూడటం కూడా కష్టంగా ఉండే పిల్లలకైతే నిపుణులతో పరీక్ష చేయించమంటాం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ అమ్మాయిది ఆ కోవ కాదు.

రెండుమూడు జవాబులు తప్పితే కాగితపు పట్టీలతో మొదలుపెట్టండి. ఒక్కోటి 24 సెంటీమీటర్ల పొడవున ఆరు పట్టీలు కత్తిరించండి. 24 ఎందుకంటే అందులో సగం 12, మూడోవంతు 8, పావు 6, ఆరోవంతు 4, ఎనిమిదోవంతు 3. అన్నీ పూర్తి సెంటీమీటర్లే, కొలవడం తేలిక. ఒక పట్టీని అలాగే ఉంచి, మిగతా ఐదింటినీ స్కేలుతో గుర్తుపెట్టి ఈ భాగాలుగా కత్తిరించండి. మూడోవంతును మడతపెట్టి చేయాలని చూస్తే ముక్కలు సమానంగా రావు, ఆ తేడాతో జవాబులు గల్లంతవుతాయి. ఇప్పుడు సగం ముక్క పక్కన మూడోవంతు ముక్క పెట్టమనండి. మొత్తం 20 సెంటీమీటర్లు. దాని కింద ఆరోవంతు ముక్కలు పేరిస్తే సరిగ్గా ఐదు పడతాయి. 5/6 ఎక్కడినుంచి వచ్చిందో, హారాలు ఎందుకు ఒకటి చేయాలో కంటికి కనిపిస్తుంది. గుండ్రటి బొమ్మల కంటే పట్టీలు మేలు. ఒకటి దాటాక కూడా పక్కనే పేర్చుకుంటూ పోవచ్చు, అదే తర్వాత సంఖ్యారేఖ అవుతుంది.

వారానికి నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మొదట పోల్చడం, తర్వాత సంఖ్యారేఖ మీద గుర్తించడం, ఆ తర్వాత కూడికలు, అన్నిటికంటే చివర సూత్రం. మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, ట్యూషన్‌లో చేర్చి ఆరో తరగతి హోంవర్క్‌తోనే మొదలుపెట్టించడం. తెగిన చోటు తెగే ఉంటుంది, పిల్లకి మాత్రం రోజుకి రెండుసార్లు ‘నాకు రాదు’ అని రుజువవుతుంది. ట్యూషన్ పెట్టాలనుకుంటే ఆ ఐదు ప్రశ్నల కాగితం ఆ మాస్టారి చేతికిచ్చి, అక్కడి నుంచే మొదలుపెట్టమనండి.

ఇక మీ మాట గురించి. ‘నా పోలికే వచ్చింది’ అని మీకు మనసులో ఉన్నా సరే, అమ్మాయి ముందు అనకండి. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల మీద జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. లెక్కలంటే భయమున్న టీచరమ్మల దగ్గర చదివిన ఆడపిల్లల్లో, ఏడాది చివరికి ‘లెక్కలు మగపిల్లలవి, చదవడం ఆడపిల్లలది’ అనే అభిప్రాయం పెరిగింది. అలా నమ్మిన వాళ్ల లెక్కల స్కోర్లూ తగ్గాయి. అదే తరగతిలోని మగపిల్లల మీద ఆ ప్రభావం కనిపించలేదు. అమ్మాయిలు తమలాంటి పెద్దవాళ్లను చూసి పట్టేస్తారని దీన్ని బట్టి అనుకోవాలి. తల్లిదండ్రుల మీద 2015లో వచ్చిన మరో అధ్యయనం ఇంకాస్త ఇబ్బందికరమైన సంగతి చెప్పింది. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయించిన పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, భయం మాత్రం ఎక్కువ తెచ్చుకున్నారు.

అలాగని దూరంగా ఉండమని కాదు. నేర్పడం మానేసి, అడగడం మొదలుపెట్టండి. ‘ఇందులో ఏమిచ్చారు? ఏం కనుక్కోమన్నారు? బొమ్మ వేయగలవా?’ ఈ మూడింటికీ మీకు లెక్క రానక్కర్లేదు. జవాబు వచ్చాక ‘ఇది నమ్మేలా ఉందా?’ అని నాలుగో ప్రశ్న. పది నిమిషాలైనా కదలకపోతే అక్కడ గీత గీసి ఆపేయించి, టీచర్‌ని అడగడానికి ఒక వాక్యం రాయించండి. ‘అర్థం కాలేదు’ అని రాస్తే టీచర్ మొత్తం పాఠం మళ్లీ చెబుతారు, మళ్లీ అర్థం కాదు. ‘రెండో వరుస నుంచి మూడో వరుసకి ఎలా వచ్చామో తెలియలేదు’ అని రాస్తే నిమిషంలో తేలిపోతుంది.

పొగడ్త విషయంలోనూ కాస్త జాగ్రత్త కావాలి. ‘నువ్వు తెలివైనదానివి’ అని పెంచిన పిల్ల, తప్పు వచ్చిన రోజు తెలివి లేదేమో అనుకుంటుంది. అమ్మాయిల్లో ఇది ఇంకా తొందరగా మొదలవుతుంది. 2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, ఐదేళ్ల పిల్లలు ‘చాలా చాలా తెలివైన’ మనిషి ఎవరంటే ఆడపిల్లలు ఆడవాళ్లనీ, మగపిల్లలు మగవాళ్లనీ చూపించారు. ఆరేళ్లకే ఆడపిల్లల్లో అది తగ్గింది. ‘బాగా తెలివైనవాళ్ల ఆట’ అని పరిచయం చేస్తే ఆ ఆట మీద వాళ్లకి ఆసక్తి కూడా తగ్గింది. అందుకే మీ ఇంట్లో ‘బుర్ర’ అనే మాటనే పక్కన పెట్టండి. చేసిన పనిని చెప్పండి: ‘జవాబు సగం కంటే తక్కువొచ్చిందని నువ్వే పట్టుకున్నావే!’ అది చాలు. స్టాప్‌వాచ్ పెట్టి చేయించే పరీక్షలు కొన్నాళ్లు ఆపండి, ఎక్కాలు మాత్రం ఆపొద్దు. ఎక్కాలు నోటికి రాకపోతే భిన్నాల మధ్యలో ఏడెనిమిదులు ఎంతని వెతుక్కోవడానికే బుర్రంతా ఖర్చవుతుంది. (వద్దన్న మాట నేనే వాడేశాను, అలవాటు అంత గట్టిది.)

సైన్స్ సంగతికొద్దాం. జంతువుల మీద అంత ఆసక్తి ఉండీ మార్కులు రాకపోవడంలో వింతేమీ లేదు. ఆమె అడిగేది ఒకటి, పరీక్షలో అడిగేది ఒకటి. ఆ రెండింటినీ కలిపే పని ఒకటి చేయించండి. అడవిలో జంతువులు ఎన్ని ఉన్నాయో అన్నిటినీ పట్టుకోకుండా ఎలా లెక్కపెడతారు? కొన్నిటిని పట్టి, గుర్తుపెట్టి వదిలేస్తారు. కొన్నాళ్లకి మళ్లీ కొన్నిటిని పట్టి, వాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తారు. పులుల విషయంలో ఆ గుర్తు కూడా అక్కర్లేదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి కెమెరా ఫొటోలే చాలు.

ఇంట్లో దీన్ని గింజలతో చేయొచ్చు. ఒక డబ్బాలో లెక్కపెట్టకుండా గింజలు పోయండి, సుమారు రెండు వందలు ఉండేలా. 40 తీసి పెన్నుతో గుర్తుపెట్టి మళ్లీ వేసి బాగా కలపమనండి. చూడకుండా 50 తీయమనండి. వాటిలో గుర్తున్నవి 10 వచ్చాయనుకుందాం. తీసినవాటిలో ఐదోవంతుకి గుర్తుంది. డబ్బాలోనూ ఐదోవంతుకే గుర్తుండాలి, గుర్తున్నవి 40 కాబట్టి మొత్తం 200. నిష్పత్తి పాఠం మొత్తం ఇందులో ఉంది, పుస్తకం తెరవకుండానే. రెండోసారి చేస్తే గుర్తున్నవి 8 రావచ్చు, అప్పుడు అంచనా 250. 12 వస్తే సుమారు 167. అందుకే ఐదుసార్లు చేసి సగటు తీయాలి. చివర్లో గింజలన్నీ లెక్కపెట్టి చూసుకోవాలి. సరిగ్గా కలపకపోతే గుర్తున్నవి పైనే ఉండిపోయి అంచనా బాగా తగ్గిపోతుంది. 40కి బదులు పదింటికే గుర్తుపెడితే ఏమవుతుందో కూడా చేయనివ్వండి. ఒకసారి ఒక్కటే రావచ్చు, ఇంకోసారి నాలుగు. అంచనా 500 నుంచి 125కి గెంతుతుంది. ఎందుకలా అని ఆమె అడిగిందంటే సంభావ్యతలో (ప్రాబబిలిటీ) అడుగుపెట్టినట్టే.

రెండో ప్రయోగం లోలకం. దారానికి ఒక నట్టు కట్టి, వేలాడదీసిన చోటు నుంచి నట్టు మధ్య వరకు 100 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. కొద్దిగా పక్కకి లాగి వదిలితే పది ఊపులకి దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఊపంటే వెళ్లి తిరిగి రావడం. దారాన్ని 25 సెంటీమీటర్లకి తగ్గిస్తే దాదాపు 10 సెకన్లు. పొడవు పావు వంతయితే కాలం సగమయింది. బరువు పెంచితే ఏమవుతుందని ముందే అడిగి, ఆమె జవాబు రాయించి, తర్వాత చేయించండి. మారదు. మారినట్టు కనిపిస్తే మూడు చోట్ల చూడాలి. వదిలేటప్పుడు ‘ఒకటి’ అని మొదలుపెడితే తొమ్మిది ఊపులే లెక్కకొస్తాయి, ‘సున్నా’తో మొదలుపెట్టాలి. రెండో నట్టుని మొదటిదాని కింద వేలాడదీస్తే బరువుతో పాటు పొడవూ మారిపోతుంది, పక్కపక్కనే కట్టాలి. ఒక్క ఊపునే కొలిస్తే వేలు నొక్కడంలో ఆలస్యమే కొలతని పాడుచేస్తుంది.

దారం కట్టేది, కొలిచేది, తప్పు వెతికేది ఆమే కావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో మార్కుల కంటే పెద్దది. స్కూల్లో గుంపుగా ప్రయోగం చేసేటప్పుడు ఎవరి దస్తూరి బాగుందో వాళ్లకి రికార్డు రాసే పని పడుతుంది, చాలాసార్లు అది అమ్మాయే. చక్కగా రాస్తుందని మెచ్చుకుంటారు. పరికరం మాత్రం ఆమె చేతికి రాదు. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎవరి చేతికి అందుతోందో కూడా ఒకసారి గమనించండి. ‘రా, సైంటిస్టులమవుదాం’ అనడం కంటే ‘రా, సైన్స్ చేద్దాం’ అనడం అమ్మాయిలను పనిలో ఎక్కువసేపు నిలిపిందని 2019లో చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఓపిక ఉంటే జూనివర్స్ అనే వెబ్‌సైట్ చూపించండి. అడవి కెమెరాల ఫొటోల్లో ఉన్నవి ఏ జంతువులో గుర్తించి నిజమైన పరిశోధనలకి సాయం చేయొచ్చు, ఉచితం. పక్కన మీరు కూర్చోండి.

భాషల్లో మంచి మార్కులు రావడం వరమే, కానీ తెలియకుండా ఒక తప్పుడు ముగింపుకి అదే దారితీస్తుంది. భాషలో 92, లెక్కల్లో 80 వచ్చిన అమ్మాయి తనని 70 వచ్చిన క్లాసువాళ్లతో కాదు, తన 92తోనే పోల్చుకుని ‘నాకు లెక్కలు రావు’ అనుకుంటుంది. అమ్మాయిలు లెక్కల దారి వదిలేయడానికి ఇదో పెద్ద కారణమని పరిశోధకులు చెబుతున్నారు. రెండింటిలోనూ బాగున్నవాళ్లకి ఎంచుకోవడానికి ఎక్కువ దారులుంటాయి, అందుకే లెక్కలను వదలడం సులువు. మీ అమ్మాయి రాతనే లెక్కల్లోకి తీసుకురండి. 2/5 ఎందుకు తప్పో ఐదో తరగతి పిల్లకి ఉత్తరంలా రాయమనండి. రాస్తున్నప్పుడు అర్థం కానిది ఎక్కడో తనకే తెలుస్తుంది. 2014లో, గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ మరియం మిర్జాఖానీ చిన్నప్పుడు రచయిత్రి కావాలనుకుంది, మిడిల్ స్కూల్లో కొంతకాలం లెక్కల్లో వెనకబడింది కూడా. ఈ సంగతి చెప్పండి. అంతేగానీ గొప్పవాళ్ల ఫొటోలు గోడంతా అంటించినంత మాత్రాన ఏమీ కాదు, ‘వాళ్లు వేరే, నేను వేరే’ అనిపిస్తుంది. నాలుగైదేళ్లు పెద్దదైన అమ్మాయి, సైన్స్ చదువుతూ ఇప్పటికీ తప్పులు చేస్తూ దిద్దుకునేది దొరికితే నెలకోసారి కలపండి. ఎక్కువ ఉపయోగం.

దారుల గురించి అడిగారు. లెక్కలు చదువుతూ ఉండి తర్వాత వదిలేయడం తేలిక, వదిలేసి మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. పశువైద్యంలో మందు మోతాదు శరీరం బరువుని బట్టి లెక్కకట్టాలి. వన్యప్రాణి శాస్త్రంలో లెక్కింపు ఎలా ఉంటుందో పైన చూశారు. మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, ప్రజారోగ్యం చదవాలన్నా గణాంకాలు తప్పవు. కాబట్టి సబ్జెక్టులు ఎంచుకునే తరగతి వచ్చేదాకా లెక్కలూ సైన్సూ కొనసాగనివ్వండి. అప్పటికి భిన్నాలూ బీజగణితం చక్కగా చేస్తూ, అయినా వేరేది ఇష్టమంటే అది నిజమైన ఇష్టం, గౌరవించండి. రాక వదిలేయడం వేరు.

మార్కులు వెంటనే పెరగవు, రెండు మూడు నెలలు పట్టొచ్చు. దానికంటే ముందు కనిపించే గుర్తు ఒకటుంది: జవాబు రాసి, మీరు ఏమీ అనకముందే ‘ఇది తేడాగా ఉందే’ అని కొట్టేయడం. ఈలోగా క్లాస్ టీచర్‌ని ఒకసారి కలవండి. గత ఏడాది పరీక్ష పేపర్లు పట్టుకెళ్లి ఏ పాఠం దగ్గర మార్కులు పడిపోయాయో అడగండి. పట్టీలతో ఏం చేస్తున్నారో చెప్పి, నెలరోజులు క్లాసులో ఆమెని వేగం కోసం కాకుండా ‘ఎలా చేశావు’ అని అడగమనండి. ప్రయోగాల రోజున రికార్డు రాసే పని వంతులవారీగా తిప్పమని కూడా ఒక మాట వేయండి.